వాహన పరిశ్రమకు అయస్కాంతాల కొరత - తీరప్రాంత ఖనిజంతో కొంతమేరకే పరిష్కారం

చైనా 2025 ఏప్రిల్‌లో ఏడు రేర్ ఎర్త్ మూలకాలు, వాటితో తయారయ్యే అయస్కాంతాల ఎగుమతికి అనుమతి తప్పనిసరి చేసింది. విద్యుత్ వాహనాల మోటార్లకు ఇవి కీలకమైనందున దేశీయ తయారీదారులు ఇక్కట్లకు గురయ్యారు. చిన్న విడిభాగం అందకున్నా ఉత్పత్తి స్తంభించగలదని 2021 నాటి చిప్‌ల కొరత ఇదివరకే హెచ్చరించింది.

అయస్కాంతాలకు ముడిపదార్థమైన నియోడిమియం లభించే మోనజైట్ నిల్వలలో ఆంధ్రప్రదేశ్ దేశంలో అగ్రస్థానంలో ఉంది. ఖనిజం ఉన్నా, దానిని లోహంగా, అయస్కాంతంగా మార్చే పరిశ్రమ భారీ స్థాయిలో లేకపోవడమే అసలు లోటు. దీనిని పూరించేందుకు కేంద్ర మంత్రివర్గం 2025 నవంబరులో ఏటా 6,000 టన్నుల ఉత్పత్తి సామర్థ్యం లక్ష్యంగా రూ. 7,280 కోట్ల పథకాన్ని ఆమోదించింది.

అయితే అధిక ఉష్ణోగ్రతను తట్టుకొనే అయస్కాంతాలకు అవసరమైన డిస్ప్రోసియం మోనజైట్‌లో అత్యల్పం. కనుక స్వదేశీ ఉత్పత్తితో పాటు, పాత మోటార్ల నుండి లోహాల సేకరణ, ప్రత్యామ్నాయ సరఫరాదారుల ఎంపికపై పరిశ్రమ దృష్టి సారించవలసిన అవసరం ఎంతైనా ఉంది.