భూగర్భాన్వేషణమున ఉపాధివిచారము

నేలను త్రవ్వకయే దాని గర్భమున నున్న గోడలను, కందకములను, ఆవములను గుర్తింపవచ్చునని పురావస్తుశాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ఈ మాట అసత్యము కాదు. అయితే యంత్రము గోడను చూచుచున్నదని భావించుట పొరపాటు. యంత్రమునకు గోచరించునది విద్యున్నిరోధమో, అయస్కాంతక్షేత్రమందలి స్వల్పభేదమో, రేడియో తరంగముల ప్రతిఫలనమో మాత్రమే. గోడ అనుమేయము. అనుమానమైనచో నది తర్కమునకు లోబడవలసినదే.

సద్ధేతువునకు ఉదాహరణము ఇంగ్లండున కలదు. 1958లో మార్టిన్ ఐట్కెన్ వాటర్ న్యూటన్ వద్ద ప్రోటాన్ మాగ్నెటోమీటరుతో రోమనుల నాటి కుమ్మరి ఆవములను కనిపెట్టెను. త్రవ్వగా నవి బయల్పడినవి. కాలిన మట్టి చల్లారునపుడు భూమియొక్క అయస్కాంతదిశను తనలో నిలుపుకొనును. ఆవము కాలినచోటనే యుండును గనుక దాని చిహ్నము బలవత్తరము. ఇటుకగోడ విషయ మట్లు కాదు. ప్రతి యిటుకయు బట్టీలో నొక దిశగా కాలి, గోడలో మఱియొక దిశగా పేర్పబడును. అందుచే నొకదాని ప్రభావమును మఱియొకటి కొంతవఱకు హరించును. మన కృష్ణాతీరమందలి బౌద్ధస్తూపములు ఇటుకకట్టడములే గదా!

ఇచట నైయాయికులు చెప్పెడి ఉపాధి స్మరణీయము. ధూమమున్నచోట నగ్ని యుండును. అగ్ని యున్నచోటనెల్ల ధూమముండదు. తడికట్టెతోడి సంబంధమున్నపుడే యుండును. ఆ సంబంధమే ఉపాధి. ఇంగ్లండున కుదిరిన వ్యాప్తికి అచ్చటి మన్ను, అచ్చటి అక్షాంశము ఉపాధులు. అచ్చట అయస్కాంతబలరేఖలు నిట్టవాలుగా భూమిలోనికి దిగును. దక్షిణభారతమున తక్కువ వాలుతో సాగును. కావున నొకే విధమైన గోడ రెండుచోట్ల రెండు రూపముల చిహ్నము నిచ్చును. ఉత్తరదక్షిణముగా సాగిన గోడయొక్క నడిమిభాగము మన ప్రాంతమున మఱుగుపడుటయు కలదు. రాడారు తరంగములు పొడి యిసుకనేలలో లోతునకు పోవును, తడిసిన నల్లరేగడిలో కొలదిలోతుననే అణగిపోవును. అట్టిచోట ఏమియు కనబడకపోవుట ఏమియు లేదనుటకు హేతువు కానేరదు.

దీనికి విపరీతమైన దోషము, అనగా లేనిదానిని ఉన్నదనుట, ఈజిప్టున టూటన్‌ఖామెన్ సమాధి విషయమున సంభవించినది. 2015లో నికొలస్ రీవ్స్ గోడలవెనుక రహస్యగృహము లుండవచ్చునని ప్రతిపాదించెను. ఆ యేడే జరిగిన రాడారు పరీక్ష ఆతని సమర్థించినట్లు తోచెను. లోపల లోహము, సేంద్రియపదార్థము గూడ నుండవచ్చునని 2016లో అచ్చటి మంత్రివర్యులు పత్రికలవారికి తెలిపిరి! మఱుసటి పరీక్షలో నవి కనబడలేదు. 2018లో ట్యూరిన్ పాలిటెక్నిక్ బృందము మఱల పరిశీలింపగా అట్టి గదులు లేవని తేలెను. ఈ లోపల తొందరపడి, వర్ణచిత్రములున్న ఆ గోడకు రంధ్రము చేసియుండినచో గతి యేమి?

నే నీ పద్ధతులకు విరోధిని గాను. త్రవ్వినచోటు మఱల త్రవ్వుటకు మిగులదు గనుక ముందుగా నిట్టి పరీక్ష జరుగుట అవసరమే. నా కోరిక వేఱు. మేము చదివిన పాఠశాలలో సద్ధేతువులకన్న హేత్వాభాసములనే యెక్కువదినములు చెప్పెడివారు. అట్లే మన దేశమున పరీక్షానంతరము త్రవ్విన ప్రతిచోటను యంత్రము చూపిన పటమును, బయల్పడిన కట్టడముల పటమును ప్రక్కప్రక్కన ముద్రింపవలెను. గోడ యనుకొన్నది చెట్టువేరో, రాతిపొరయో, నిన్నటి యినుపముక్కయో అయినచో దానినిగూడ దాపక, ఆనాటి నేలతడితో సహా వ్రాయవలెను.