వాషరు దాచిన బెజ్జం

పోయిన నెల తుప్పు గురించి రాసిన. అది చదివి మా చెల్లె కొడుకు, "మామా, మా కొత్త షెడ్డు ఒకసారి చూసిపో" అని పిలిచిండు. షోలాపూర్‌లో మనోళ్ల ఇండ్లల్లో ఇది మామూలే గద: కింద మగ్గాలు, పైన ఇనుప దూలాల మీద నూలు మూటల అటక. ఆ అటక కిందనే మా చెల్లె కూసొని కండెలు చుట్టాలె.

నేను పోయేసరికి మిస్త్రీ దూలాన్ని స్తంభానికి కలుపుతున్నడు. యాంగిల్ ముక్కల బెజ్జాలు స్తంభం బెజ్జాలకు కలవలేదట. గ్యాస్ కట్టర్‌తో వాటిని కోడిగుడ్డు లెక్క సాగదీసి, పైన పెద్ద వాషరు వేసి బిగిస్తున్నడు. చూస్తే అంతా చక్కగనే ఉన్నది.

దూలానికి ఆసరా పెట్టించి, "ఒక వాషరు తియ్యి తమ్మీ" అన్న.

"బోల్టు తల మీద 8.8 అని ఉన్నది మామా, గట్టిదే" అన్నడు అల్లుడు. నిజమే. 4.6 బోల్టు కంటే దాని లాగుడు బలం రెట్టింపు. కానీ బోల్టు బలం యాంగిల్‌కు రాదు.

ఐఎస్ 800 ప్రకారం 16 మి.మీ. బోల్టుకు మామూలు బెజ్జం 18 మి.మీ. బెజ్జాలు ఇష్టమొచ్చినట్టు సాగితే నాలుగు బోల్టులు బరువును సమంగా పంచుకోవు. ముందు ఆనిన ఒకటి రెండింటి మీదనే పడుతది. ఇంకొకటి, అంచు దూరం. చేత్తో గ్యాస్‌తో కోసిన అంచైతే, బెజ్జం నడిమి నుంచి అంచు దాక బెజ్జం వెడల్పుకు 1.7 రెట్లు, అంటే సుమారు 31 మి.మీ. ఉండాలె. అక్కడ 20 కూడా లేదు. బట్ట అంచుకు మరీ దగ్గర కుట్టేస్తే దారం తెగదు, బట్టే చిరుగుతది. ఇదీ అంతే.

శుక్రవారం పూజ పెట్టుకున్నరు, బ్యాంకు కిస్తు మొదలైంది. యాంగిల్ ముక్కలన్నీ మార్చాలె అనేసరికి అల్లుడి ముఖం మాడింది. మా చెల్లె ఒక్కటే మాటన్నది: "కింద కూసునేది నేను."

కొత్త ముక్కలకు స్తంభం బెజ్జాల కొలత తీసుకొని డ్రిల్లు వేయించినం. పూజ ఆ పై శుక్రవారం జరిగింది.

మీ ఇంట్ల షెడ్డు లేస్తుంటే, రంగు పడకముందే, ఆసరా పెట్టించి రెండు వాషర్లు తీయించి చూడండి. మిస్త్రీ కోపం చేస్తే చెయ్యనీయండి. వచ్చే నెల వెల్డింగు సంగతి.