నర్సమ్మ జీతానికి పూచీ ఎవరు?

పల్లె నుంచి పెద్దాసుపత్రికి వచ్చి మంచం పట్టిన వారికి డాక్టరు కనిపించేది రోజుకు ఒకటి రెండుసార్లు. రాత్రి జ్వరం పెరిగినా, సెలైను అయిపోయినా పిలిచేది నర్సమ్మనే. ఆమె చాలాచోట్ల ఆసుపత్రి ఉద్యోగి కాదు, ఏజెన్సీ పంపిన మనిషి.

తెలంగాణలో 2024 జనవరిలో దాదాపు 7 వేల మంది స్టాఫ్ నర్సులకు నియామక పత్రాలు ఇచ్చారు. సంతోషమే. ఔట్‌సోర్సింగ్ పద్ధతి మాత్రం పోలేదు.

టెండరులో తక్కువ సర్వీసు ఛార్జి వేసిన వారికే పని దక్కుతుంది. అంత తక్కువతో ఏజెన్సీకి ఎట్లా గిట్టుబాటవుతుందో అడిగేవారు లేరు. నర్సు మూల వేతనంలో 12 శాతం ప్రావిడెంటు ఫండుకు కోస్తారు, యజమాని వాటా మరో 12 శాతం కలపాలి. అది జమ కాలేదని ఆమెకు తెలిసేసరికి నెలలు గడుస్తాయి. ఇక జీతమే ఆగితే, బిల్లు ట్రెజరీలో ఉందని ఏజెన్సీ, ఏజెన్సీనే అడగమని ఆసుపత్రి! బస్సు ఛార్జీలకు లేని మనిషి రాత్రి డ్యూటీ ఎన్నాళ్లు చేస్తుంది? మానేస్తుంది. ఆమె స్థానంలో వచ్చిన కొత్తమ్మకు ఆక్సిజన్ సిలిండరు తిప్పే స్పానరు ఎక్కడుందో తెలియదు. నష్టం రోగిదే.

ఏజెన్సీ జీతం ఇవ్వకుంటే పని చేయించుకున్న సంస్థే చెల్లించి, ఆనక ఏజెన్సీ నుంచి రాబట్టుకోవాలి. 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టంలోని ఈ మాట 2020 నాటి వృత్తి భద్రత కోడ్‌లోనూ ఉంది. పొరుగున ఆంధ్రప్రదేశ్‌లో 2020 జూలైలో ఆప్కాస్ అనే ప్రభుత్వ కార్పొరేషను ప్రారంభించి మధ్య ఏజెన్సీలను తప్పించారు. ఉద్యోగం పర్మినెంటు కాకపోయినా, దళారీ లేకుండా జీతం ఇవ్వవచ్చునని తేలింది గదా.

అంతవరకు సూపరింటెండెంటు చేయగల పనులున్నాయి. గత నెల జీతాలు బ్యాంకులో పడిన కాగితం, పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ. చలాన్లు చూపనిదే ఏజెన్సీ బిల్లుపై సంతకం చేయరాదు. ఇట్లా పట్టుబడితే జీతాలు మరింత ఆలస్యమౌతాయనేవారున్నారు. ఒక నెల జీతాలు ముందుగా పెట్టుకోలేని ఏజెన్సీకి అసలు టెండరు ఎందుకివ్వాలి? నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషను అసలు పత్రం చూశాకే వార్డులోకి పంపాలి. మొదటి వారం రాత్రిపూట ఒంటరిగా వేయకూడదు. ఏజెన్సీ మారినా పాత నర్సులే కొనసాగాలని ఒప్పందంలో రాయాలి.

ఆసుపత్రి అభివృద్ధి సంఘం సమావేశాలకు వెళ్లే ప్రజాప్రతినిధులు ఈసారి టీ తాగి లేచి రాకుండా, ఆ చలాన్లు బల్ల మీద పెట్టమని అడగాలి.