కరువు పనికి లెక్క ఎవరు కట్టాలి?

కొనకనమిట్ల మండలంలో ఉపాధి హామీ పనిని ఆడవాళ్లు 'కరువు పని' అంటారు. వానాధారపు చేలు, ఫ్లోరైడు నీళ్లు ఉన్న పశ్చిమ ప్రకాశంలో ఆ పేరే సరైనదనిపిస్తుంది. ఆ పని వల్ల మేలు జరిగిందా లేదా తేల్చడానికి వచ్చేవాళ్లను మాత్రం 'సర్వేవాళ్లు' అంటారు. నేనూ ఆ సర్వేవాళ్లలో ఒకదాన్నే.

మూల్యాంకనం మన దేశానికి కొత్తది కాదు. సమాజ వికాస పథకంతోపాటే 1952లో ప్రణాళికా సంఘం దీనికోసం ఒక సంస్థ పెట్టింది. తర్వాత విదేశీ నిధులు, వాటి వెంట కన్సల్టెంట్లు వచ్చారు. 1991లో దాత దేశాల కమిటీ ఐదు కొలబద్దలు ఇచ్చింది. 2019లో ఆరోది చేర్చింది. సమానత్వం అప్పుడు కూడా విడి కొలబద్ద కాలేదు!

ఈలోగా లాటరీ పద్ధతి వచ్చింది. హైదరాబాదులో 104 బస్తీలు ఎంచుకొని, సగం బస్తీల్లో ముందుగా సూక్ష్మరుణ శాఖ తెరిపించి, మిగతా సగంతో పోల్చారు. రుణాల వల్ల స్త్రీల సాధికారత పెరిగిందనడానికి ఆధారం దొరకలేదు. ఊదరగొట్టిన ప్రచారానికి అది మంచి జవాబే, కాదనను. కానీ 2010లో వసూళ్ల వేధింపుల మీద ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. గుమ్మం ముందు నిలబెట్టి తిట్టించుకున్న మనిషి ఆ సగటు అంకెల్లో ఎక్కడుంది?

ఇంకో దారి మన రాష్ట్రంలోనే తయారైంది. 2005 ఉపాధి హామీ చట్టంలోని 17వ సెక్షను సామాజిక తనిఖీని గ్రామసభకు అప్పగించింది. 2006 నుంచి ఇక్కడ ఆ పని మొదలైంది, 2009లో దానికి వేరే సంస్థ ఏర్పడింది. కూలీల ఇళ్లలోని పిల్లలే శిక్షణ పొంది, ఇంటింటికీ వెళ్లి మస్టరు చదివి వినిపిస్తారు. 'నీ పేర ఇన్ని దినాలు రాశారు, నువ్వు చేశావా?' ఆ తర్వాత గ్రామసభ, ఆపైన మండలంలో బహిరంగ విచారణ. అధికారి ముందు కూలి మనిషి కాగితం పట్టుకుని మాట్లాడటం ఏ కన్సల్టెంటు నివేదికలోనూ లేనిది. తేలిన సొమ్ములో వసూలైంది కొంతే. పని చోట నీడ, నీళ్లు, పసిపిల్లలను చూసే మనిషి చట్టంలో ఉన్నా, తనిఖీలో డబ్బు లెక్కలకున్న పట్టు వాటికి లేదు. మిరపకాయల కోతకు గుంటూరు వైపు పోయిన ఆడవాళ్లు ఆ విచారణలో ఉండరు కూడా.

2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టం స్థానంలో కొత్త చట్టం చేసింది. 100 రోజులు 125 అయ్యాయి. వ్యవసాయం ముమ్మరంగా ఉన్నప్పుడు 60 రోజుల వరకు పని ఆపవచ్చు. రోజులే కొలిస్తే ఇది విజయమే. వానలు తప్పిన ఏడు కొనకనమిట్లలో సేద్యం పనులు లేవు, కరువు పనీ ఉండదు, ఆడవాళ్లు ఎటు పోతారన్నది ఎవరు కొలుస్తారు? ప్రశ్నాపత్రం ఢిల్లీలోనో హైదరాబాదులోనో అచ్చయ్యాక అడిగి లాభం లేదు. అందుకే మీ మండలంలో కూలి పనికి పోయే ఆడవాళ్లతో కూర్చుని, ఈ చట్టాన్ని ఏ ప్రశ్నలతో తూచాలంటారో వాళ్ల మాటల్లోనే రాసి పంపండి. వచ్చే సంచికలో అచ్చు వేస్తాం, జిల్లా అధికారులకూ ఇస్తాం.