శరణు వేడుటకు పత్రములు వలయునా?

అనుమతి లేక దేశములో ప్రవేశించినవానికి శరణమడుగు హక్కు ఎక్కడిది? తలుపు త్రోసికొని వచ్చినవాడు అతిథి యగునా? ఈ ప్రశ్న అమెరికా సంయుక్తరాష్ట్రములలోని రాజకీయ సభలలో తఱచుగ వినబడుచున్నది. సక్రమముగ పత్రములు సంపాదించి యచ్చట స్థిరపడిన మన తెలుగువారిలో కొందఱును, వారి మాట విని యిచ్చటి బంధువులలో కొందఱును, దీనినే తిరుగులేని వాదముగ చెప్పుచున్నారు. పైకి న్యాయముగ తోచు నీ వాదము ధర్మమునకే కాదు, ఆ దేశపు శాసనమునకును విరుద్ధము. చదువుకొన్నవారి నోట నిది వెలువడుచుండుటచే దీనిని ఖండింపవలసి వచ్చినది.

శాసనమేమి చెప్పుచున్నది? 1980వ సంవత్సరపు శరణార్థి శాసనము మూలమున అమెరికా వలస చట్టములో చేరిన 208వ విభాగము ప్రకారము, ఆ దేశపు నేలపై నున్న విదేశీయుడు నియమిత ద్వారమున వచ్చినను రాకున్నను, నివాసానుమతి యున్నను లేకున్నను, శరణమునకు దరఖాస్తు పెట్టుకొనవచ్చును. ఇది పొరపాటున దొరలిన మాట కాదు. 1951వ సంవత్సరపు శరణార్థుల ఒడంబడికలోని 31వ అధికరణము, ప్రాణభయముచే నేరుగ వచ్చి, ఆలస్యము లేక అధికారులకు తెలుపుకొన్నవానిని అక్రమప్రవేశమునకై శిక్షింపరాదని విధించినది. ఆ ఒడంబడికలోని ముఖ్యధర్మములను 1967వ సంవత్సరపు ఉపసంధి ద్వారా అమెరికా 1968లో అంగీకరించినది. కారణము స్పష్టము. తన్ను చెఱబెట్టజూచు ప్రభుత్వపు వాకిట నిలిచి, ప్రయాణపత్రము నిప్పించుడని యెవడడుగగలడు? విభీషణుడు రావణుని ముద్రపత్రము చేతబట్టుకొని సముద్రము దాటెనా? సుగ్రీవుడు సందేహించెను, సందేహించుట తప్పుకాదు. అచ్చట విచారణ జరిగినది గాని గెంటివేత జరుగలేదు.

ముందుద్వారమున వచ్చిన నెవరు కాదందురని యడుగువారు 1939వ సంవత్సరపు ‘సెయింట్ లూయిస్’ నౌక వృత్తాంతము తెలిసికొనవలయును. 937 మంది ప్రయాణికులు, వారిలో దాదాపు అందఱును యూదులు, క్యూబాలో దిగుటకని పత్రములు గొని హాంబర్గు రేవునుండి బయలుదేరిరి. వారు రాత్రివేళ గోడ దూకలేదు. అయినను క్యూబా యేకొద్దిమందినో తప్ప దిగనీయలేదు. అమెరికా ద్వారము తెఱువలేదు. నౌక ఐరోపాకు మఱలినది. అట్లు తిరిగిపోయినవారిలో 254 మంది నాజీల మారణకాండకు బలియైరి. పత్రములను చూచి మనిషిని చూడకుండుట యెట్టి ఫలమునిచ్చునో లోకమునకు తెలిసిన పిమ్మటనే యీ శరణధర్మములు శాసనరూపము దాల్చినవి.

అయిన నడిగినవారికెల్ల శరణము లభించుననుకొనుట భ్రమ. జాతి, మతము, జాతీయత, ఒకానొక సామాజిక వర్గమునకు చెందియుండుట, రాజకీయాభిప్రాయము, ఈ యైదింటిలో నొకదాని కారణముగ హింస పొందితిననియో, పొందుదునను సహేతుకమగు భయము గలదనియో నిరూపింపవలయును. దారిద్ర్యమొక్కటే కారణముగ చూపిన చాలదు. ప్రమాదము పదింట నొకపాలే యైనను ఆ భయము సహేతుకము కావచ్చునని 1987లో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానము వివరించినది.

దరఖాస్తు చేయు మార్గములు రెండు. బహిష్కరణ వ్యవహారము ఇంకను మొదలు కానివాడు ఐ–589 అను పత్రమును ఇంగ్లీషున నింపి వలససేవల శాఖకు పంపును. ఒక అధికారి యాతనిని పిలిచి విచారించును. వ్యవహారము మొదలైనవాడు అదే పత్రమును వలస న్యాయమూర్తి యెదుట దాఖలుచేసి, తన్ను పంపివేయరాదని వాదించుకొనును. భార్యను లేక భర్తను, ఇరువదియొక్క సంవత్సరములు నిండని అవివాహిత సంతానమును అందు చేర్చుకొనవచ్చును. పూర్వము దీనికి రుసుము లేకుండెను. 2025 జూలైలో వచ్చిన శాసనము నూఱు డాలర్లు విధించినది. తీర్పు రాక నిలిచిన ఒక్కొక్క సంవత్సరమునకును మఱియొక నూఱు చేర్చినది. ప్రాణభిక్షకును పన్ను కట్టవలసిన కాలము వచ్చినది!

ఇంతకంటె ఘోరమైనది గడువు. 1996వ సంవత్సరపు శాసనము ప్రకారము దేశములో అడుగిడిన ఒక్క సంవత్సరములోపల దరఖాస్తు చేయవలయును. ఈ నియమము ఎవరిని కొట్టుచున్నది? సిద్ధమైన కట్టుకథతో వచ్చినవానిని కాదు. వాడు గడువెఱిగియే వచ్చును. చెఱసాలలో హింసపడి నిద్రకు దూరమైనవాడు, మానభంగమునకు గుఱియై ఆ మాట కన్నతల్లితోనైన చెప్పుకొనలేని స్త్రీ, పోలీసు దుస్తులు చూడగనే వణకువాడు, వీరిని కొట్టుచున్నది. పరిస్థితులు మాఱినను, అసాధారణమైన అడ్డంకి కలిగినను గడువు మన్నింపవచ్చును. తోడులేక వచ్చిన బాలబాలికలకు 2008వ సంవత్సరపు శాసనము గడువును తొలగించినది. కాని మన్నింపు లభింపనివానికి మిగులునది చిన్న రక్షణయే. అందులకు ప్రమాదము సగముకంటె నధికమని నిరూపింపవలయును. అది లభించినను భార్యాబిడ్డలకు భాగము లేదు, శాశ్వతనివాసమునకు దారి లేదు. ఆలస్యమైనంతమాత్రమున భయము అబద్ధమగునా? రోగము ముదిరినదని వైద్యుడు తలుపు మూసిన నేమందుము?

ఇక వకీలు మాట. దొంగతనపు నేరము మోపబడిన బీదవానికి ప్రభుత్వమే న్యాయవాదిని నియమింపవలయునని 1963లో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానము తీర్పుచెప్పెను. శరణార్థి తన ఖర్చుపై న్యాయవాదిని తెచ్చుకొనవచ్చునే కాని ప్రభుత్వమిచ్చునది లేదు. తిరిగి పంపిన చంపబడువానికి లేని యీ సాయము, పర్సు కాజేసినవానికి గలదు! 2005వ సంవత్సరపు శాసనము మూలమున, కథకు ప్రాణమైన సంగతి కాకున్నను, ఏ చిన్న పొసగమినైనను పట్టుకొని న్యాయమూర్తి యాతనిని నమ్మకపోవచ్చును. తేదీ తప్పు చెప్పినవాడు, భాష రాక తడబడినవాడు ఏమి కావలయును?

అబద్ధపు దరఖాస్తులు లేవా యని యందురు. ఉన్నవి. సొమ్ము గొని కథలు వ్రాసియిచ్చు దళారులున్నారు. వారిని నేను సమర్థింపను. బుద్ధిపూర్వకముగ బూటకపు దరఖాస్తు పెట్టినవాడు వలస చట్టమిచ్చు మేలులన్నిటికి శాశ్వతముగ దూరమగునని ఆ చట్టమే శిక్ష విధించినది. పరీక్షింపుడు, శిక్షింపుడు. దొంగరోగి యొకడు వచ్చెనని ఆసుపత్రిని మూయుట ఏ నీతి? 2025 జనవరి 20న దక్షిణ సరిహద్దును దాటి వచ్చినవారికి శరణద్వారమును మూయుచు అధ్యక్షుని ప్రకటన వెలువడినది. అది శాసనవిరుద్ధమని జూలైలో ఒక ఫెడరల్ న్యాయమూర్తి తీర్పుచెప్పగా, వివాదము పై న్యాయస్థానమున కెక్కినది. శాసనసభ యిచ్చిన హక్కును ప్రకటనతో తీసివేయరాదను న్యాయము అచ్చటి మన తెలుగువారికిని రక్షయే. ఇతరుని హక్కు కాలరాచిన కాలు రేపు మన గడపయు తొక్కును.

కావున అమెరికాలోని తెలుగు గృహిణులకును, గృహస్థులకును నా మనవి యిది. మీ యింట పనికి వచ్చినవారో, మీ దుకాణమున సాయపడువారో స్వదేశమునకు తిరిగిపోవుటకు భయపడుచున్నచో, దొంగలని నిందింపకుడు. సంవత్సరపు గడువు మాట వారికి తెలుపుడు. దళారి కడకు కాక, అర్హతగల న్యాయవాది కడకు పంపుడు. చదువక దేనిపైనను సంతకము చేయవలదనుడు. వలససేవల శాఖ విచారణకు దుబాసిని దరఖాస్తుదారుడే తెచ్చుకొనవలసిన నియమము గలదు. తెలుగు తప్ప వేఱు భాష రానివాడు భయపడి యున్నచో, వానివెంట పోయి మాట అందించుటకు మీకంటె తగినవారెవరు? మన సంఘములు పండుగల కెన్నియో దినములు వెచ్చించుచున్నవి. అందొక దినము ఇట్టివారికి న్యాయసలహా నిప్పించుటకు కేటాయింపుడు.