చక్రానికీ ఉంది గాజు సైజు!

గాజులు కొనేటప్పుడు రెండుంబావా, రెండున్నరా అని చూసి మరీ తీసుకుంటాం కదా! కారుకు అల్లాయ్ చక్రాలు కొనేటప్పుడు మాత్రం మెరుపు చూసి మురిసిపోతాం.

చక్రం మధ్య రంధ్రం కారు హబ్ మీద సరిగ్గా కూర్చోవాలి. మన మారుతి స్విఫ్ట్ హబ్ 54.1 మిల్లీమీటర్లు. బయట దొరికే చక్రాలు రకరకాల కార్లకు పనికొచ్చేలా చేస్తారు కనుక, చాలావాటి రంధ్రం 73.1 ఉంటుంది. ఆ ఖాళీ వల్ల చక్రం ఏమాత్రం పక్కకు బిగిసినా, వేగం అందుకోగానే స్టీరింగ్ వణుకుతుంది. బ్యాలెన్సింగ్ ఎన్నిసార్లు చేయించినా ఈ వణుకు తగ్గదు.

చిట్కా తేలికే. లోపల 54.1, బయట 73.1 కొలతతో హబ్ రింగులు దొరుకుతాయి. చక్రానికొకటి వేయించండి. రంధ్రం హబ్ కన్నా చిన్నదైతే ఆ చక్రం వద్దే వద్దు. నాలుగు బోల్టుల వలయం వ్యాసం (స్విఫ్ట్‌కు 100 మి.మీ.) కలవకపోయినా అంతే. రింగులు ఆ తేడాను సరిచేయలేవు. బలవంతంగా బిగిస్తే దారిలో చక్రం ఊడే ప్రమాదముంది.

నట్లు ఎదురెదురుగా బిగించమనండి. ఓ 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చూపించండి.

పిల్లలు ఎక్కే బండమ్మా! ముందు కొలత, తర్వాతే మెరుపు.