పాట వినబడగానే సాగిలపడాలా?

దానియేలు గ్రంథం 3వ అధ్యాయం మన సండేస్కూలు పిల్లలకు కూడా తెలుసు. నెబుకద్నెజరు బంగారు ప్రతిమను నిలబెట్టి, జనాన్ని మొక్కించడానికి సైనికుల కంటే ముందు వాద్యగాళ్లను పిలిపించాడు. బాకా, పిల్లనగ్రోవి, వీణ మోగగానే అందరూ సాగిలపడాలి. ఆజ్ఞకు ఎదురుచెప్పే మనిషి కూడా పాటకు తల ఊపుతాడని ఆ రాజుకు తెలుసు. మన కాలపు కంపెనీలకు ఆ సంగతి అంతకంటే బాగా తెలుసు.

టీవీ ప్రకటనల్లో వచ్చే పాటల గురించి మాట్లాడితే "ఇదీ ఒక సమస్యేనా?" అని నవ్వేవాళ్లున్నారు. ముప్పై సెకన్ల సరదా పాటే కదా అంటారు. ఆ ముప్పై సెకన్లకు కంపెనీలు కోట్లు ఎందుకు కుమ్మరిస్తున్నాయో వాళ్లే చెప్పాలి. సరదా పంచడానికైతే కాదు.

ఈ వ్యాపారం మనకు కొత్తది కాదు. వివిధభారతిలో వాణిజ్య ప్రకటనలు 1967లో బొంబాయి, పూణే, నాగపూర్ కేంద్రాల నుంచి మొదలయ్యాయి. అంటే చంద్రపూర్ పొరుగునుంచే. దూరదర్శన్‌లోకి 1976లో వచ్చాయి. అప్పటినుంచి పద్ధతి ఒక్కటే. చిన్న బాణీ, సులువైన మాటలు, చివర సరుకు పేరు, అదే రోజుకు పదిసార్లు. బాణీ గుర్తుంటే చాలు, పేరు దాని వెంటే వస్తుంది. అంగట్లో నిలబడినప్పుడు నోటికి ముందు వచ్చేది ఆ పేరే. నచ్చి కొన్నామనుకుంటాం. నిజానికి వినీ వినీ కొన్నాం.

తుకుంలో, బల్లార్పూర్‌లో, ఘుగ్గుస్‌లో ఉన్న మన తెలుగు కుటుంబాలను చూడండి. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, టీవీలో హిందీ. అదే బాణీకి మాటలు మార్చి మంచిర్యాలలో తెలుగులో వినిపిస్తారు. సెలవులకు మేనత్త పిల్లలు, మేనమామ పిల్లలు కలిస్తే ఒకరికి వచ్చిన కీర్తన మరొకరికి రాదు. సబ్బు పాట మాత్రం అందరికీ వచ్చు. కూర్చున్నప్పుడు, దారిలో నడుస్తున్నప్పుడు, పండుకొనేటప్పుడు నా మాటలు మీ పిల్లలకు నేర్పండని ద్వితీయోపదేశకాండంలో దేవుడు చెప్పాడు. ఆ పనిని మన ఇళ్లలో ఇప్పుడెవరు చేస్తున్నారు?

పిల్లల చేత సబ్బు, బిస్కెట్టు కొనిపించడంతో ఇది ఆగితే నేనీ వ్యాసం రాయను. ఇదే చంద్రపూర్ జిల్లాలో జరిగింది వినండి.

మద్యం వద్దని 2010 డిసెంబరులో వేలమంది మహిళలు చిమూర్ నుంచి నాగపూర్ దాకా కాలినడకన వెళ్లారు. వాళ్ల పోరాటం వల్ల 2015 ఏప్రిల్ 1 నుంచి జిల్లాలో మద్యనిషేధం వచ్చింది. దుకాణాలు మూతపడ్డాయి. కానీ టీవీకి ఎవరు తాళం వేశారు? 1994 నాటి కేబుల్ టెలివిజన్ నియమావళి మద్యం ప్రకటనలను ఒప్పుకోదు. అందుకని కంపెనీలు సీసాను దాచిపెట్టి దాని పేరు, దాని బాణీ మాత్రం వినిపించాయి. అడిగితే అది సోడా అన్నాయి, మంచినీళ్లన్నాయి. కొన్ని కంపెనీలైతే మ్యూజిక్ సీడీలు అమ్ముతున్నామన్నాయి! సారాయి కోసం పాటనే ముసుగుగా వేశారన్నమాట. పేదరాలు మైళ్లు నడిచి ఊరి పొలిమేర దాటించిన సీసా, క్రికెట్ ఓవర్ల మధ్య పాటగా మారి ఆమె కొడుకు చెవిలో దూరింది. 2021లో ప్రభుత్వం నిషేధం ఎత్తేసింది. దొంగ మద్యం, నేరాలు పెరిగాయన్నది చెప్పిన కారణం. ఆ ఆరేళ్లూ దాహాన్ని పెంచుతూ వచ్చిన పాటల లెక్క ఎవరూ అడగలేదు.

నెల్లూరు జిల్లా దూబగుంట తల్లుల కథ మనకు తెలియంది కాదు. అక్షరాస్యత పుస్తకంలోని సీతమ్మ కథ చదివి 1992లో వాళ్లు సారా మీద తిరగబడ్డారు. ఒక చిన్న కథ ఒక ప్రభుత్వాన్నే కదిలించింది. కథకు అంత బలముంటే, రోజుకు పదిసార్లు మోగే పాటకు బలం లేదని ఎలా అంటాం?

తెలుపు సంగతి కూడా చూద్దాం. తుకుం దాటి తాడోబా దారి పట్టి కాస్త పోతే దుర్గాపూర్ బొగ్గు గని, దాని పక్కనే 2,920 మెగావాట్ల థర్మల్ విద్యుత్ కేంద్రం. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో చేసిన మదింపులో దేశంలోకెల్లా ఎక్కువ కలుషితమైన పారిశ్రామిక ప్రాంతాల్లో చంద్రపూర్ ఒకటి. ఇక్కడ ఆరేసిన చొక్కా మీద బూడిద పడితే తప్పెవరిది? పొగగొట్టానిదని ఏ సబ్బు పాటా చెప్పదు. తల్లి సరైన పొడి కొనలేదని చెబుతుంది. ఊరందరి కష్టాన్ని ఒక ఇల్లాలి అసమర్థతగా మార్చేసి, దానికి తాళం వేసి పాడటమే ఈ పాటల నేర్పు.

చర్మం తెలుపు పాట ఇంకా దుర్మార్గం. ఫెయిర్ అండ్ లవ్లీ క్రీము 1975లో వచ్చింది. నల్లగా ఉంటే ఉద్యోగం రాదు, పెళ్లి కాదు అని మన ఆడపిల్లలకు ఆ రకం ప్రకటనలు ఏళ్ల తరబడి తీయగా చెప్పాయి. అమెరికాలో జార్జ్ ఫ్లాయిడ్ హత్య తరువాత ప్రపంచమంతా నిలదీస్తే 2020లో పేరులోంచి 'ఫెయిర్' తీసి 'గ్లో' పెట్టారు. డబ్బా ఉంది, ఆశ ఉంది, పేరే మారింది. ఎండలో చేసిన చాకిరీ రంగును, కులం పేరుతో అవమానించిన రంగును పరమగీతంలోని యువతి దాచుకోలేదు. తాను నల్లనిదాన్నే, సౌందర్యవతినే అని మొదటి అధ్యాయంలోనే చాటింది. ఆ మాట మన పెళ్లి సంబంధాల సంభాషణల్లో ఎందుకు వినబడదు?

ఇక మన సంఘాలను అడగాలి. సినిమా పాట పాడిన కుర్రాణ్ణి పులిపిటం మీదనుంచి గద్దించే పాస్టరుగారు, గుట్కా కంపెనీ పాన్‌మసాలా పేరుతో వినిపించే బాణీ మీద ఒక్క మాటైనా అన్నారా? మహారాష్ట్రలో గుట్కా నిషేధమై 2012 నుంచి ఎన్నేళ్లయింది? యాక్షన్ సాంగ్ పిల్లలకు త్వరగా రావాలని ప్రకటన బాణీకే యేసు పేరు తగిలించే మన వీబీఎస్ టీచర్లు, ఆ బాణీ పిల్లవాడికి దేన్ని గుర్తు చేస్తుందో ఆలోచించారా?

"పురుషోత్తమ చౌదరిగారి కాలం నుంచీ మనం ఈ నేల రాగాల్లోనే పాడుతున్నాం కదా" అని ఒకరంటారు. నిజమే, పాడాలి. ఆ రాగాలు జనానివి, వాటి చివర అమ్మకపు చీటీ లేదు. "సంగీతకారుల పొట్ట కొడతారా?" అని ఇంకొకరంటారు. ఏ.ఆర్. రెహమాన్ కూడా 'రోజా'కు ముందు ప్రకటనలకు బాణీలు కట్టినవాడే. కట్టేవాడి ప్రతిభ మీద నాకు కోపం లేదు. అది ఎవరి చేతిలో పనిముట్టయిందన్నదే నా ప్రశ్న.

యువతీ యువకులారా, టీవీ పగలగొట్టమని ఎవరూ చెప్పడం లేదు. ఈ ఆదివారం యూత్ మీటింగులో మీకు నోటికొచ్చిన అయిదు ప్రకటన పాటలు రాయండి. ఒక్కొక్కటి ఏ భయాన్ని పుట్టిస్తోంది, ఎవరిని చిన్నబుచ్చుతోంది, దేన్ని దాచిపెడుతోంది అని చర్చించండి. మద్యాన్ని సోడాగా చూపే ప్రకటన కనబడితే రోజు, సమయం, ఛానెల్ రాసుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయండి. 2022 జూన్‌లో వచ్చిన కేంద్ర మార్గదర్శకాలు ఇలాంటి ముసుగు ప్రకటనలను నిషేధించాయి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదారి పట్టించే ప్రకటనకు 10 లక్షల రూపాయల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా వేయవచ్చు. చట్టం ఉంది, అడిగే నోరు కావాలి. మన నోటికి పాట కూడా కావాలి. బొగ్గు గని మీద, బూడిద మీద, నీళ్ల మీద, మన అమ్మల నడక మీద మీరే పాటలు కట్టండి.

దూరా మైదానంలో సంగీతం ఆ ముగ్గురు యువకులకూ వినబడింది. వాళ్లు చెవులు మూసుకోలేదు, మోకాళ్లు వంచలేదు.